ప్యానెల్ స్పీకర్లకు సబ్‌వూఫర్ - మూడో భాగం: 80 హెర్ట్జ్ దగ్గర పడిన గొయ్యి

ఈసారి రిబ్బన్ ట్వీటర్ (సన్నని రేకుతో హెచ్చు స్వరాలు పలికే స్పీకర్) జోడించడం చెప్పాల్సింది. కానీ పోయిన పాఠం చూసి, పలచని పొరతో శబ్దం చేసే ప్యానెల్ స్పీకర్లకు సబ్ (బేస్ మాత్రమే పలికే సబ్‌వూఫర్) పెట్టినవాళ్లలో చాలామందికి బేస్ పెరగకపోగా తగ్గింది, బేస్ గిటార్‌లో కొన్ని స్వరాలు దద్దరిల్లుతుంటే కొన్ని అసలు వాయించనట్టే ఉన్నాయి. ఇది సరిచేయకుండా ట్వీటర్ ముట్టుకోవద్దు.

దాదాపు అందరూ చేసింది ఒకటే. సబ్‌కి 80 హెర్ట్జ్ దగ్గర 24 డీబీ లింక్‌విట్జ్-రైలీ లో-పాస్ (అంతకు పైనున్న శబ్దాన్ని ఆక్టేవ్‌కి, అంటే హెర్ట్జ్ రెట్టింపయ్యే ప్రతిసారీ, 24 డెసిబెల్స్ చొప్పున తగ్గించే ఫిల్టర్) పెట్టారు, ప్యానెల్‌కి హై-పాస్ (కింది శబ్దాన్ని ఆపే ఫిల్టర్) పెట్టకుండా పూర్తి సిగ్నల్ వదిలేశారు. మధ్యలో ఇంకో ఫిల్టర్ వస్తే ప్యానెల్ స్వచ్ఛత పోతుందని భయం. ఆ భయం నాకు అర్థమవుతుంది, కానీ ఇక్కడ అదే కొంప ముంచింది.

లెక్క చూడండి. ఈ లో-పాస్ తన కార్నర్ (ఇక్కడ 80) దగ్గర శబ్దాన్ని 6 డీబీ తగ్గిస్తుంది, అంటే సగం చేస్తుంది, ఫేజ్‌ని, అంటే అల ఊగే వేళని, కూడా 180 డిగ్రీలు తిప్పేస్తుంది: ప్యానెల్ అల పైకి లేస్తుంటే సబ్ అల కిందికి దిగుతుంది. దూరాలూ, ప్యానెల్ సొంత రోలాఫూ (కింది బేస్‌లో దాని శబ్దం తనంతట తాను తగ్గడం) కాసేపు పక్కన పెడితే, 80 దగ్గర ప్యానెల్ 1, సబ్ మైనస్ 0.5. మిగిలేది 0.5. సబ్ పెట్టకముందు 1 వినిపించేది!

ఇప్పుడు నన్ను నిజంగా బాధపెట్టే విషయం. బేస్ తగ్గిందనిపించగానే అందరి చెయ్యీ సబ్ వాల్యూమ్ నాబ్ మీదికే వెళ్తుంది. 6 డీబీ పెంచారనుకోండి, సబ్ మైనస్ 1 అయింది, కలిపితే సున్నా. గొయ్యి పూడలేదు, ఇంకా లోతైంది. పైగా సబ్ దాదాపు ఒంటరిగా మోగే 40 దగ్గర బేస్ 6 డీబీ ఉబ్బింది, గదంతా ఒకటే మోత. ఇంకో 6 డీబీ పెంచితే సబ్ మైనస్ 2, కాబట్టి 80 దగ్గర మొదట్లో ఉన్నంతే వస్తుంది కానీ 40 దగ్గర ఉబ్బు 12 డీబీ. వాల్యూమ్ పెంచకుండా సబ్ పోలారిటీ (ప్లస్, మైనస్) తిప్పితే? 1కి 0.5 కలిసి 1.5, అంటే మూడున్నర డీబీ మూపురం. వినడానికి బాగానే ఉందనిపిస్తుంది, అక్కడే ఆగిపోతారు. దయచేసి ఆగకండి. గొయ్యి కనిపిస్తే వాల్యూమ్ ముట్టుకోవద్దు, ఫేజ్ చూడండి.

ప్యానెల్‌కి కూడా 80 దగ్గర అదే 24 డీబీ హై-పాస్ పెడితే రెండూ ఒకే ఫేజ్‌లో చెరో 0.5 ఇస్తాయి, మొత్తం 1. ఇంకో లాభం కూడా ఉంది. డైపోల్‌లో, అంటే ముందుకీ వెనక్కీ శబ్దం వదిలే ఇలాంటి ప్యానెల్‌లో, ముందు శబ్దాన్ని వెనక శబ్దం చెరిపేస్తుంది కాబట్టి ఒక ఆక్టేవ్ కిందికి దిగితే అదే శబ్దానికి పొర సుమారు 8 రెట్లు ఊగాలి, మూసిన పెట్టెలో వూఫర్‌కైతే 4 రెట్లు చాలు. ఆ భారం తీసేస్తే ప్యానెల్‌లో మధ్య స్థాయి ఎంత తేటపడుతుందో వింటే తెలుస్తుంది. స్వచ్ఛత కోసమే హై-పాస్ పెట్టాలంటాను నేను.

ఇక డిలే, అంటే కావాలని పెట్టే ఆలస్యం. శబ్దం మిల్లీసెకనుకి 34 సెంటీమీటర్లు వెళ్తుంది. సబ్ మీటరు వెనక ఉంటే 3 మిల్లీసెకన్లు ఆలస్యం, సబ్ లోపలి డీఎస్‌పీ (సిగ్నల్‌ని డిజిటల్‌గా సవరించే చిప్) ఆలస్యం అదనం. కాబట్టి డిలే సాధారణంగా ప్యానెల్‌కి ఇవ్వాలి, సబ్‌కి కాదు. ఆ సదుపాయం లేకపోతే సబ్‌ని ముందుకు, మీ కుర్చీ వైపు జరపండి. నా ఓటు ఒక పెద్ద పోర్టెడ్ (గాలి రంధ్రమున్న పెట్టె) సబ్‌కి కాదు, రెండు చిన్న సీల్డ్ (మూసిన పెట్టె) సబ్‌లకి. గదిలో బేస్ సమంగా పరుచుకుంటుంది, కలపడమూ సులువు.

అభ్యాసం. మైక్ కుర్చీలో చెవి ఎత్తున పెట్టండి, స్పీకర్ ముందు కాదు, ఎందుకంటే ఎత్తైన ప్యానెల్ శబ్దం దూరంతో పాటు సబ్ శబ్దమంత త్వరగా తగ్గదు. 80 దగ్గర ప్యానెల్, సబ్ విడివిడిగా ఒకే లెవెల్ వచ్చేలా చూడండి. తర్వాత సబ్ పోలారిటీ తిప్పి, 80 టోన్ రెండింటిలోనూ మోగిస్తూ, శబ్దం అన్నిటికంటే తగ్గిపోయే డిలే వెతకండి. దొరికాక పోలారిటీ మళ్లీ మామూలుగా పెట్టండి. 80 హెర్ట్జ్ ఒక చక్రం 12.5 మిల్లీసెకన్లు, కాబట్టి ఒక పూర్తి చక్రం తప్పినా టోన్ మోసం చేస్తుంది. అందుకే 50 నుంచి 120 హెర్ట్జ్ వరకు జారుతూ పోయే టోన్, అంటే స్వీప్, తప్పనిసరి. డిలే 0 నుంచి 10 మిల్లీసెకన్ల దాకా ఒక్కొక్కటి పెంచుతూ, రెండు పోలారిటీల్లో, కూర్చునే మూడు చోట్ల: మొత్తం 66 స్వీప్‌లు. అన్నీ చేసి, గ్రాఫ్‌లు పేర్లతో దాచుకోండి, ట్వీటర్ పాఠంలో వాటితోనే పని.