పక్కవాడు పడితే వచ్చే నవ్వుకు ఏ మాట రాయాలి?

సబ్‌టైటిల్స్ రాసే పనిలో నన్ను బాగా ఏడిపించిన మాట ఒకటుంది: జర్మన్ వాళ్ల షాడెన్‌ఫ్రాయ్‌డ. షాడెన్ అంటే హాని, ఫ్రాయ్‌డ అంటే ఆనందం; కలిపితే పక్కవాడికి చెడు జరిగినప్పుడు కలిగే ఆనందం. మొదటిసారి తగిలినప్పుడు ఇంకేమీ తోచక ‘పైశాచికానందం’ అని పెట్టేశాను. సీన్‌లో ఏముందంటే, కప్పు పగలగొట్టి తిట్లు తింటున్న అన్నను తలుపు చాటు నుంచి చూసి ఓ పాప కిసుక్కున నవ్వుతుంది. నా ఫైలు సరిచూసే ఆవిడ పక్కన ఒక్క ముక్క రాసి వెనక్కి పంపారు: ‘పాపకి ఆరేళ్లండీ.’

అప్పటి నుంచి దీనికి నామవాచకం వెతకడం మానేశాను. మీరూ మానేయండి. ఈ సంతోషానికి మనం పేరు పెట్టం, ఎవరో ఒకరి నోట అనిపిస్తాం. అందుకని ముందు మాట్లాడేది ఎవరో చూసుకోవాలి. నవ్వేవాళ్లే అయితే ‘బాగా అయింది!’ చాలు. పాపకి చివరికి అదే పెట్టాను. దెబ్బ తిన్నవాడైతే ‘ఇప్పుడు నీ కళ్లు చల్లబడ్డాయా?’ అంటాడు. పక్కనుంచి చూసే మూడోవాడైతే ‘వాడు ఓడిపోయాడని వీళ్లు చంకలు గుద్దుకుంటున్నారు’ అంటాడు.

ఇక పడ్డవాడు అందుకు తగినవాడేనా? అయితే ‘తిక్క కుదిరింది’, ‘తగిన శాస్తి జరిగింది’. వీటిలో కాస్త న్యాయం ఉంది కాబట్టి నవ్వేవాడి మీద చూసేవాళ్లకు కోపం రాదు. ఏ తప్పూ చేయనివాడు పడినప్పుడు ఇవే పెడితే తప్పంతా వాడిదే అన్నట్టు అవుతుంది. ఈ తేడా గ్రీకులకూ తెలుసు. అర్హత లేనివాడికి మంచి జరిగితే కలిగే న్యాయమైన బాధను అరిస్టాటిల్ నెమెసిస్ అన్నాడు, ఎదుటివాడి చెడుకు సంతోషించడాన్ని ఎపిఖైరెకకియా అన్నాడు. (రెండోది పలకడం నాకు ఇప్పటికీ సరిగ్గా రాదు.)

‘పైశాచికానందం’ అనే మాటను, ఎదుటివాణ్ణి ఏడిపించి మరీ ఆనందించేవాడి కోసం దాచుకోండి. ‘తన కన్ను ఒకటి పోయినా ఫర్వాలేదు, పక్కవాడివి రెండూ పోవాలి’ అనే సామెత కూడా ఇక్కడ అతకదు. అది జరగని చెడు కోసం ఎదురుచూడటం, మనకు కావలసిందేమో జరిగిపోయాక వచ్చే నవ్వు. విఘ్నసంతోషి అనే సంస్కృత మాట వ్యాసంలో బావుంటుంది గానీ, మనుషులు మాట్లాడుకునేటప్పుడు బరువు.

అన్నిటికన్నా టెన్షన్ పెట్టేది, పైకి ఓదారుస్తూ లోపల మురిసిపోయే మనిషి. అందుకు మనకున్న గొప్ప మాట ‘పాపం’. నోటితో అయితే కాస్త సాగదీస్తే సరిపోతుంది, రాతలో ఆ సాగు కనిపించదు. ఒకసారి ‘పాఆఆపం’ అని రాసి చూశాను, వెగటుగా ఉంది. ఇప్పుడు రెండు ముక్కలు చేస్తున్నాను. ముందు ‘అయ్యో...’ వేసి, తెర మీద ఆ ఓదార్చే మనిషి పెదవి చివర చిన్నగా కదిలాకే ‘పాపం’ వేస్తాను.