పోయిన లెక్కకు రోజుల లెక్క: ఏటీఎం, యూపీఐ, వేలిముద్ర చిక్కులు - పరిష్కారాలు

మా అనంతపురం వైపు డబ్బును లెక్క అంటాం. ‘‘లెక్క పడిందా?’’ అంటే ఖాతాలో డబ్బు జమయిందా అని అర్థం. బ్యాంకు కౌంటర్లో ముప్ఫై ఏళ్లు కూర్చుని రిటైరైనాక, ఇప్పుడు టవర్ క్లాక్ దగ్గర తెలిసినాయన జిరాక్సు అంగడిలో సాయంత్రాలు గడుపుతున్నా. వచ్చేవాళ్లకు అర్జీలు రాసిపెడతా. సగం మందిది ఒకటే మాట: ‘‘సార్, లెక్క పోయింది.’’

ఎంత పోయిందో తర్వాత అడుగుతా. ముందు ఎప్పుడు పోయింది, కంప్లైంటు నంబరు ఉందా అని అడుగుతా. ‘‘మేనేజరుకు నోటితో చెప్పినాను కదా సార్’’ అంటారు. నోటితో చెప్పింది ఆ గది దాటి బయటికి రాదు. రిజర్వు బ్యాంకు నియమాలన్నీ రోజుల మీద నడుస్తాయి. మీరు ఏ రోజు చెప్పారో చూపించే కాగితమో, మెసేజో లేకపోతే ఎంత మంచి నియమం ఉన్నా మీకు అక్కరకు రాదు.

ఇంకో మాట. పోవడంలో మూడు రకాలు. మిషన్ తప్పు, మన వేలి తప్పు, దొంగ పని. మూడింటికీ మూడు నియమాలు. ఒకదాని అర్జీ ఇంకోదానికి రాస్తే బ్యాంకు వాళ్లు తీరిగ్గా తిప్పి పంపుతారు.

‘‘ఏటీఎంలో నోట్లు రాలే, మెసేజ్ మాత్రం వచ్చింది’’

కారణం: మీ బ్యాంకు సర్వరు ఖాతాలో కోత వేసేసింది. ఈలోగా లైను తెగింది, లేదా నోట్లు లోపలే ఇరుక్కున్నాయి. చాలాసార్లు నిమిషాల్లోనే తిరిగి పడుతుంది. పడకపోతేనే తిప్పలు.

నియమం: రిజర్వు బ్యాంకు 2019 సెప్టెంబరు 20న ఇచ్చిన సర్క్యులర్, ఆ ఏడాది అక్టోబరు 15 నుంచి అమల్లో ఉంది. లావాదేవీ జరిగిన రోజు పోను 5 రోజుల్లోగా డబ్బు దానంతటదే వెనక్కి రావాలి. ఇవి క్యాలెండరు రోజులు, ఆదివారం కూడా లెక్కే. ఆ గడువు దాటితే రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారం, అదీ మీరు అడక్కుండానే వేయాలి.

అడక్కుండా వేస్తారా? నా సంగతే చెబుతా. ఒకటో తారీఖున 10,000 తీయబోతే మిషన్ లోపల నోట్లు ఎంచిన చప్పుడైతే వచ్చింది గానీ అర తెరుచుకోలేదు. ముప్ఫై ఏళ్లు ఇదే పని చేసినవాణ్ణి, అయినా ‘వస్తుందిలే’ అని ఊరుకున్నా. గడువు ఆరో తారీఖు. డబ్బు పడింది పదో తారీఖున. పరిహారం మాత్రం పైసా రాలేదు. నాలుగు రోజులకు 400 రావాలని సర్క్యులర్ తేదీ వేసి జాబు రాస్తే, వారానికి పడింది. నాలుగు వందల కోసం జాబేంది అని ఇంట్లో నవ్వారు.

చేయాల్సింది: ఏటీఎం ఎవరిదైనా సరే, కంప్లైంటు మీకు కార్డు ఇచ్చిన బ్యాంకుకే. వాచ్‌మన్‌తో గొడవ పడి లాభం లేదు, అతని చేతిలో ఏమీ లేదు. స్లిప్పు వస్తే దాచుకోండి, రాకపోతే మిషన్ మీద అంటించిన ఐడీ నంబరు ఫోటో తీసుకోండి. ‘లావాదేవీ విజయవంతం’ అని బ్యాంకు జవాబిస్తే మిషన్ జర్నల్ (ప్రతి లావాదేవీ నమోదయ్యే చిట్టా), ఆ రోజు క్యాష్ ట్యాలీ, సీసీ కెమెరా దృశ్యం చూపమని రాతపూర్వకంగా అడగండి. మీకు రాని నోట్లు మిషన్‌లోనే ఉండాలి, ఎంచినప్పుడు అంత మేర ఎక్కువ తేలాలి. ఈ ట్యాలీ మాట రాసిన అర్జీని పక్కన పడేయడం కష్టం, ఇది లోపలివాడి మాట.

‘‘ఫోన్‌పే కొట్టినా, అవతల పడలే’’

ఏ యాప్ అయినా మన జనం నోట ఇదే మాట. మనిషికి పంపిన యూపీఐ సొమ్ము అవతల పడకపోతే మర్నాటికల్లా తిరిగి రావాలి. అంగడికి కట్టినదైతే 5 రోజులు. దాటితే ఇక్కడా రోజుకు 100. ఖాతా నంబరుకు అప్పటికప్పుడు పంపే ఐఎంపీఎస్‌కూ మర్నాడే గడువు. యాప్‌లో ఆ లావాదేవీ తెరిచి అక్కడే ఫిర్యాదు నమోదు చేయండి. ఆ లావాదేవీని గుర్తించే పన్నెండు అంకెల యూటీఆర్ నంబరు రాసిపెట్టుకోండి. అంగడాయన ‘‘నాకు పడలేదప్పా’’ అంటే ఆ నంబరు చూపి ఆయన బ్యాంకు స్టేట్‌మెంటు చూడమనండి. సౌండ్ బాక్స్ పలకనంత మాత్రాన పడలేదని కాదు.

‘‘ఒక అంకె తప్పు కొట్టినా, ఎవరికో పోయింది’’

ఇది మన వేలి తప్పు, కాబట్టి చేదు మాట ముందే చెప్పాలి. బ్యాంకు నుంచి బ్యాంకుకు పంపే నెఫ్ట్, ఆర్‌టీజీఎస్‌లలో డబ్బు ఖాతా నంబరును బట్టే పడుతుంది. నంబరు సరిగ్గా ఇవ్వాల్సిన బాధ్యత పంపినవాళ్లదే. పడినాయన ఒప్పుకోకుండా బ్యాంకు ఆయన ఖాతాలోంచి లాగి మీకు ఇవ్వలేదు.

చేయగలిగింది ఇది: వెంటనే యాప్‌లోనూ, మీ బ్యాంకులోనూ రాసివ్వండి. మీ బ్యాంకు అవతలి బ్యాంకుకు రాస్తుంది, వాళ్లు ఖాతాదారుణ్ణి అడుగుతారు. చాలామంది తిరిగి ఇచ్చేస్తారు, లోకం మనం అనుకున్నంత చెడ్డది కాదు. ఇవ్వనంటే పోలీసు ఫిర్యాదు, సివిల్ దావా తప్ప దారి లేదు.

రాకుండా చూసుకోవడమే తేలిక. 2025 ఏప్రిల్ 1కల్లా నెఫ్ట్, ఆర్‌టీజీఎస్‌లకు కూడా పంపేముందే పేరు చూపించే ఏర్పాటు పెట్టాలని బ్యాంకులకు గడువు పెట్టారు. యూపీఐలో 2025 జూన్ 30 నుంచి బ్యాంకులో ఉన్న అసలు పేరే కనపడాలి, మీరు ఫోన్లో సేవ్ చేసుకున్న ‘ధర్మవరం పట్టు అంగడి’ కాదు. ఆ పేరు చదివి పిన్ కొట్టండి. పెద్ద మొత్తమైతే ముందు ఒక రూపాయి పంపి అడగండి.

‘‘నేనేమీ చేయలే సార్, దానంతటదే పోయింది’’

నా బల్ల దగ్గర ఎక్కువ సేపు పట్టేది ఇదే. ఓటీపీ చెప్పలేదు, లింకు నొక్కలేదు, రాత్రి రెండు గంటలకు మూడు కోతల మెసేజ్‌లు. కార్డు వివరాలు ఎక్కడో వెబ్‌సైట్లో కారి ఉండొచ్చు, గీకినచోట నకలు తీసుండొచ్చు.

దీనికి ఆధారం 2017 జూలై 6 నాటి రిజర్వు బ్యాంకు సర్క్యులర్. గ్రామీణ బ్యాంకులకూ అది వర్తిస్తుంది. సహకార బ్యాంకులకు అదే ఏడాది డిసెంబరులో విడిగా ఇచ్చారు. సారాంశం ఇది. తప్పు బ్యాంకుదే అయితే మీరు ఎప్పుడు చెప్పినా, చెప్పకపోయినా నష్టం బ్యాంకుదే. తప్పు బ్యాంకుదీ మీదీ కాక మధ్యలో ఎక్కడో జరిగితే, మెసేజ్ అందాక 3 పని దినాల్లోగా మీరు బ్యాంకుకు చెబితే మీ మీద పైసా భారం పడదు. నాలుగు నుంచి ఏడు పని దినాల మధ్య చెబితే కొంత మీరు మోయాలి: జీరో బ్యాలెన్స్ ఖాతాకు 5,000 వరకు, మామూలు పొదుపు ఖాతాకు 10,000 వరకు, పెద్ద కరెంటు ఖాతాలకు 25,000 వరకు. పోయింది అంతకన్నా తక్కువైతే ఆ తక్కువే. ఏడు దాటితే ఆ బ్యాంకు బోర్డు పెట్టుకున్న పాలసీ ఎలా ఉంటే అలా.

పని దినాలు ఎలా ఎంచాలి? మెసేజ్ వచ్చిన రోజును వదిలేయాలి. మీ ఖాతా ఉన్న బ్రాంచి పనిచేసే రోజులనే ఎంచాలి. రెండో శనివారానికి ముందురోజు, శుక్రవారం సాయంత్రం మెసేజ్ వచ్చిందనుకోండి. శుక్రవారం లెక్కలోకి రాదు, శని, ఆది సెలవు. సోమ, మంగళ, బుధ - బుధవారం దాకా మీకు గడువు ఉంది. అట్లని బుధవారం దాకా కూర్చోవద్దు. దొంగ కూర్చోడు. మీరు చెప్పిన క్షణం తర్వాత ఇంకా ఏదైనా పోతే అది బ్యాంకు నెత్తినే పడుతుంది. కాబట్టి రాత్రి రెండుకైనా సరే, కార్డు వెనకున్న నంబరుకు చేసి కార్డు ఆపించి, కంప్లైంటు నంబరు తీసుకోండి. ఇరవై నాలుగు గంటలూ ఫిర్యాదు తీసుకునే ఏర్పాటు బ్యాంకుకు ఉండి తీరాలి.

చెప్పిన 10 పని దినాల్లో పోయిన మొత్తాన్ని బ్యాంకు తాత్కాలికంగా మీ ఖాతాలో వేయాలి. 90 రోజుల్లో ఎవరి తప్పో తేల్చాలి. తప్పు మీదేనని రుజువు చేయాల్సింది బ్యాంకే. ‘‘పిన్ కొట్టకుండా ఎట్ల పోతుందమ్మా?’’ అని కౌంటర్లో గద్దిస్తే దడుచుకోవద్దు. అది ప్రశ్న, రుజువు కాదు.

ఇదంతా మెసేజ్ అందితేనే. రీచార్జ్ చేయక పాత సిమ్ పోయి, కొత్త నంబరు బ్యాంకులో ఇవ్వని వాళ్లు మన పల్లెల్లో ఎంతమందో. ఈ వారమే ఆ పని చేసుకోండి. అలాగే బ్యాంకు యాప్‌లో కార్డుకు ఆన్‌లైన్, విదేశీ వాడకం ఆపేసే మీటలు ఉంటాయి, వాడనివి ఆపేయండి. కార్డు పడిపోతే పిన్ లేకుండా ఆనించి 5,000 వరకు కట్టే వీలుంటుంది, అదీ గుర్తుండాలి.

‘‘ఓటీపీ చెప్పినా సార్...’’

తల దించుకుని చెబుతారు. సిగ్గు పడాల్సింది మోసం చేసినోడు. కానీ నియమం ఇక్కడ కఠినం: మీ నిర్లక్ష్యంతో పోయిందంటే, బ్యాంకుకు చెప్పేదాకా పోయినదంతా మీదే. చెప్పాక పోయింది బ్యాంకుది. అందుకే నిమిషాలు ముఖ్యం. రెండు ఫోన్లు చేయాలి, ఒకటి బ్యాంకుకు, ఒకటి సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి. 1930కి చేస్తే సొమ్ము ఏ ఖాతాలోకి వెళ్లిందో అక్కడ ఆపే ప్రయత్నం చేస్తారు, దొంగ దాన్ని ఇంకో నాలుగు ఖాతాలకు చిలవలు పలవలుగా పంచకముందే. తర్వాత సైబర్‌క్రైమ్ డాట్ జీఓవీ డాట్ ఇన్‌లో వివరాలు నింపాలి. 1930కి చెప్పినాం కదా అని బ్యాంకును వదిలేయొద్దు.

యూపీఐలో డబ్బు మీకు రావడానికి పిన్ అక్కర లేదు. డబ్బు వేస్తామని పిన్ కొట్టమన్నవాడు దొంగ.

‘‘ఒకసారే వేలు పెట్టినా, రెండుసార్లు కోత పడింది’’

ఊర్లో బ్యాంకు మిత్ర దగ్గర వేలిముద్రతో తీసుకునే పద్ధతిలో ఇది మామూలు. ‘‘సర్వరు లేదవ్వా, మళ్లీ పెట్టు’’ అంటాడు. నిజంగానే లేకపోవచ్చు. ఉండీ అనొచ్చు. మొదటిసారి ఫెయిలయినట్టు రశీదు ఇవ్వనిదే రెండోసారి వేలు పెట్టొద్దు. ఫోన్ దగ్గర లేకపోతే మనవణ్ణి తోడు తీసుకుపోండి.

వేలు పెట్టకుండానే పోతే, అది పై దొంగతనం కిందికే వస్తుంది. అదే మూడు రోజుల లెక్క. ఆధార్ యాప్‌లో బయోమెట్రిక్ లాక్, అంటే వేలిముద్రకు తాళం, వేసుకోవచ్చు, సందేహాలకు ఆధార్ హెల్ప్‌లైన్ 1947. లాక్ వేస్తే చౌక దుకాణంలో వేలు పడదు, బియ్యానికి పోయే ముందు తీయాలి. ఇది చెప్పకుండా లాక్ వేయిస్తే మా అవ్వలాంటి వాళ్లు నెలంతా తిట్టుకుంటారు.

‘‘నెలనెలా ఏదో పోతోంది’’

మే నెలాఖర్లో 436, 20 పోతే అవి ప్రధానమంత్రి బీమా ప్రీమియాలు, ఎప్పుడో సంతకం పెట్టుంటారు. వద్దంటే బ్రాంచిలో రాసివ్వండి. జీరో బ్యాలెన్స్ ఖాతాకు ఏటీఎం కార్డు రుసుం తీసుకోకూడదు, తీస్తే అడగండి. యాప్ చందాలైతే 15,000 వరకు ఓటీపీ లేకుండానే పోతాయి, కానీ 24 గంటల ముందు మెసేజ్ రావాలి. ఆటోపే జాబితా తెరిచి రద్దు చేసేయడమే.

‘‘ఖాతా ఆపేసినారు’’

మోసం సొమ్ము ఏదో చేతులు మారి మీ అంగడి క్యూఆర్‌కు వచ్చి ఉంటుంది. ఏ స్టేషను, ఫిర్యాదు నంబరు ఎంత, ఎంత మొత్తం మీద ఆపారు - ఈ మూడూ బ్యాంకును రాతలో అడగండి. బిల్లులు పట్టుకుని ఆ స్టేషనుకే రాయాలి.

బ్యాంకు కదలకపోతే

కంప్లైంటు ఇచ్చి 30 రోజులైనా జవాబు లేకపోయినా, ఉన్న జవాబు నచ్చకపోయినా, బ్యాంకుల మీద ఫిర్యాదులు విచారించే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్ ఉన్నారు. ఖర్చు లేదు, లాయరు అక్కర లేదు. సీఎంఎస్ డాట్ ఆర్‌బీఐ డాట్ ఓఆర్‌జీ డాట్ ఇన్‌లో పెట్టొచ్చు, సందేహాలకు 14448. నేరుగా అక్కడికి పోతే తిప్పి పంపుతారు, ముందు బ్యాంకుకు రాసి ఉండాలి. కోర్టులో కేసు నడుస్తుంటే తీసుకోరు, కాబట్టి ఏదో ఒక దారి ఎంచుకోండి. జిల్లా వినియోగదారుల కమిషన్ రెండో దారి.

అర్జీ ఒక పేజీ దాటొద్దు. ఖాతా నంబరు చివరి నాలుగంకెలు, లావాదేవీ తేదీ, గంట, మొత్తం, యూటీఆర్ లేదా ఏటీఎం ఐడీ, మెసేజ్ వచ్చిన సమయం, మీరు మొదట చెప్పిన తేదీ, ఏ సర్క్యులర్ కింద ఎంత అడుగుతున్నారో. ‘నేను పేదవాణ్ణి, దయతలచి’ అని రాయమంటారు చాలామంది. నేను రాయను. రెండు ప్రతులు తీసి, రెండోదాని మీద సీలు, తేదీ వేయించుకోండి. ‘‘సీలు మేడమ్ దగ్గరుంది, రేపు రా’’ అంటే స్పీడ్ పోస్టులో పంపేయండి. ఆ రశీదు అర్జీకి గుండుసూదితో గుచ్చి పెట్టుకోండి.