నాట్లకు దిగే ముందు: ఎలుక జ్వరం జాగ్రత్తలు

నారు ఎదిగింది. మడిలో దిగేముందు ఇవి చూసుకోండి.

• నాట్లయ్యాక నెలలోపు జ్వరం, పిక్కల్లో విపరీతమైన నొప్పి, కళ్లు ఎర్రబడటం ఉంటే నొప్పి బిళ్లతో సరిపెట్టొద్దు. "బురదలో పనిచేశాను" అని డాక్టరుకు మీరే చెప్పండి. ఆలస్యమైతే ఎలుక జ్వరం తెచ్చే లెప్టోస్పైరా బ్యాక్టీరియా కిడ్నీలను, కాలేయాన్ని దెబ్బతీస్తుంది. అన్నిటికన్నా ఖరీదైన పొరపాటు ఇదే.

• మడమ పగుళ్లు చూసుకోండి. మా అమ్మ పగుళ్లలో బియ్యపుగింజ పట్టేది! ఎలుక మూత్రం కలిసిన నీళ్ల నుంచి క్రిమి ఒంట్లోకి దూరేది అలాంటి సందుల్లోంచే. తడి అంటని ప్లాస్టర్ వేయండి, వీలైతే బూట్లు తొడగండి.

• కంట్లో బురద చిందితే మురికి చేత్తో తుడవొద్దు, మంచినీళ్లతో కడగండి. కంటిపొర గుండా కూడా సోకుతుంది.

• ముందుజాగ్రత్తగా డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ మందు వాడాలా అన్నది డాక్టరే చెప్పాలి. గర్భిణులు సొంతంగా అసలు వేసుకోకూడదు.