బడి సోషల్ వర్కర్ పని – 4వ పాఠం: పిల్లతో మాట్లాడే ముందు

ఈసారి పిల్లలతో విడిగా మాట్లాడే పద్ధతి మొదలుపెట్టాలి. కానీ గత పాఠం తర్వాత మీరు రాసిన హోమ్ విజిట్ నోట్లలో చాలావాటిలో ఒకటే వాక్యం: "తల్లిదండ్రులకు శ్రద్ధ లేదు." అది చదివి హెచ్‌ఎం ఏం చేయగలరు? పిలిచి మందలిస్తారు, అంతే. ముందు నోటు సంగతి తేల్చుకుందాం.

కళ్లారా చూసింది రాయండి. ఎవరేమన్నారో వాళ్ల మాటల్లోనే రాయండి. మీ అంచనా చివర్న, రెండు వాక్యాలు దాటకుండా.

ఇదిగో ఇలా: "సాయంత్రం 6:30కి తలుపుకు తాళం. 'మిరపకోతకు గుంటూరు దిక్కు పోయినారు, ఉగాదికి వస్తారు' అంది పక్కింటి అవ్వ. చిన్నోణ్ని ఎత్తుకోడానికి ఆరో తరగతి పిల్లనూ తీసుకుపోయారట."

కర్నూలు జిల్లా కోసిగి వైపు ఇలా వలసపోవడం మామూలే. ఈ నోటులో దారి ఉంది. ఊళ్లో ఉంచగలిగితే సీజనల్ హాస్టల్ (వలసపోయినవాళ్ల పిల్లలు ఆ నెలల్లో ఉండే వసతి) అడగాలి. వెంట వెళ్లిపోతే అక్కడి సర్కారు బడిలో చేర్చాలి. టీసీ ఆలస్యమైందని చేర్చుకోకపోవడం కుదరదు, విద్యాహక్కు చట్టం 5వ సెక్షన్ ఎనిమిదో తరగతి దాకా ఆ రక్షణ ఇస్తుంది.

ఇళ్లకు హాజరు పట్టీ తీసుకెళ్లకండి. నేనైతే పెన్ను కూడా బయటికి తీయను, వీధి మలుపు తిరిగాకే రాసుకుంటాను.

ఇక అసలు ప్రమాదం. పిల్ల నోరు విప్పాలని "ఎవరికీ చెప్పనులే" అంటున్నారు. ఎన్నడూ అనకండి. లైంగిక వేధింపు జరిగిందని తెలిసినా, జరగొచ్చన్న భయం ఉన్నా, పోక్సో చట్టం (పిల్లలపై లైంగిక నేరాల చట్టం, 2012) 19వ సెక్షన్ ప్రకారం పోలీసులకు తెలపాలి. నేరం జరిగిందని తెలిసీ దాస్తే 21వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు, జరిమానా, లేదా రెండూ. హెచ్‌ఎం చెవిన వేస్తే మీ బాధ్యత తీరదు. అంతకన్నా పెద్ద నష్టం పిల్లది: మాటిచ్చిన మర్నాడే పోలీసులొస్తే మళ్లీ ఏ పెద్దవాళ్లనూ నమ్మదు. అందుకే కూర్చోగానే, అది ఏడవకముందే, చెప్పండి: "నువ్వు చెప్పింది ఊరంతా చెప్పను. నీకో, ఇంకో పిల్లకో ప్రమాదం అనిపిస్తే మాత్రం సాయం చేసేవాళ్లకు చెప్తాను. ఎవరికి చెప్తున్నానో ముందు నీకే చెప్తా."

చెప్పడం మొదలెట్టాక గుచ్చిగుచ్చి అడగకండి, మీరుగా ఎవరి పేరూ అందించకండి. "తర్వాత?" చాలు. అత్యవసరమైతే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి.

అభ్యాసం: పాత నోట్లు మూడు తీసి, అంచనాలన్నీ కొట్టేసి తిరగరాయండి. కూర్చోగానే పిల్లకు చెప్పే ఆ మూడు వాక్యాలను ఆరేళ్ల పిల్లకు అర్థమయ్యే మీ ఊరి మాటల్లోకి మార్చండి. కాగితం చూడకుండా తడబడక చెప్పగలిగేదాకా 5వ పాఠం తెరవొద్దు.