అడాప్టర్ మార్చేది పిన్నునే, వోల్టేజీని కాదు

విదేశాలకు వెళ్లేముందు చాలామంది ఒక అడాప్టర్ కొనేసి నిశ్చింతగా ఉంటారు. అది పిన్నుల ఆకారాన్ని సరిచేస్తుందంతే. గోడలోంచి వచ్చే కరెంటు మాత్రం ఉన్నదున్నట్టే వస్తుంది. అందుకే పెట్టె సర్దేటప్పుడు ప్రతి ఛార్జర్‌నూ తిరగేసి, సన్నటి అక్షరాల్లో ‘ఇన్‌పుట్’ అని ఉన్న వరుస చదవండి. కంటికి ఆనకపోతే ఫోన్‌తో ఫొటో తీసి పెద్దది చేసుకోండి. 100-240 వోల్టులు, 50/60 హెర్ట్జ్ అని ఉంటే ఏ దేశంలోనైనా అడాప్టర్ ఒక్కటే చాలు. ఫోన్, లాప్‌టాప్, కెమెరా ఛార్జర్లు దాదాపు అన్నీ ఇలాంటివే.

తిప్పలన్నీ వేడెక్కే వస్తువులతోనే. హెయిర్ డ్రయ్యర్, ఇస్త్రీపెట్టె, కెటిల్ మీద తరచుగా ఒకే వోల్టేజీ రాసి ఉంటుంది. అమెరికాలో కొన్న 120 వోల్టుల డ్రయ్యర్‌ని యూరప్‌లో 230కి తగిలిస్తే లోపలి తీగ ఎర్రగా కాలి మాడిపోతుంది. 230 వోల్టుల కెటిల్‌ని 120కి పెడితే ప్రమాదమేమీ లేదు గానీ, శక్తి పావువంతుకు కాస్త పైన మాత్రమే అందుతుంది. నీళ్లు మరగడానికి చాలాసేపు పడుతుంది. వీటికోసం వోల్టేజీని మార్చే బరువైన కన్వర్టర్ మోసుకెళ్లడం నాకైతే దండగే అనిపిస్తుంది. అక్కడ దొరికేదే వాడుకోండి.

బ్రిటన్‌లో మూడు పలక పిన్నులు, జర్మనీ, ఫ్రాన్స్‌లలో రెండు గుండ్రటివి, అమెరికా, జపాన్‌లలో రెండు చదును పిన్నులు. అన్నట్టు, జపాన్‌లో చాలాచోట్ల మూడో పిన్నుకి, అంటే ఎర్త్‌కి, రంధ్రమే ఉండదు. మూడు పిన్నుల అమెరికా లాప్‌టాప్ ప్లగ్ అక్కడ దూరదు.