మిర్చిలో తామర పురుగు మందుకు లొంగాలంటే పిచికారీ ఎలా చేయాలి?

నిరుడు ఒక్క పిచికారీకే రాలిపోయిన పురుగు ఈ ఏడు మూడుసార్లు చల్లినా చావదు. గుంటూరు మిర్చి రైతు ముందు అనుమానించేది కల్తీ మందునే. అదీ ఉండవచ్చు కానీ, చేనును కూడా కాస్త అనుమానించాలి.

పురుగు మందుకు అలవాటు పడుతుందనడం సరికాదు. వేల పురుగుల్లో ఏ కొన్నింటికో విషాన్ని విరిచే ఎంజైములు పుట్టుకతోనే ఎక్కువగా ఉంటాయి. లేదా ఒంట్లో మందు పట్టుకోవలసిన చోటు కొద్దిగా మారి ఉంటుంది. మన మందు మిగతావాటిని చంపి, చేనంతా వీటికి అప్పగిస్తుంది. తర్వాతి తరం వీటి సంతానమే. 1980లలో ఇక్కడి పత్తిలో శనగపచ్చ పురుగు పైరిత్రాయిడ్ అనే రకం మందులకు లొంగకుండా పోయింది ఇలాగే.

మొదట పురుగేదో తేల్చుకోండి. ఆకు పైకి ముడుచుకుంటే తామర పురుగు, కిందికి ముడుచుకుంటే నల్లి. ఓ పది మొక్కల పూతను తెల్ల కాగితం మీద దులిపితే, సన్నటి గీతల్లాంటి నల్ల తామర పురుగులు పాకుతూ కనిపిస్తాయి.

తర్వాత డబ్బా తిప్పి చిన్న అక్షరాలు చదవండి. అసలు మోసపోయేది ఇక్కడే. రెండు కంపెనీల డబ్బాలు, రెండు పేర్లు, రెండు బొమ్మలు. లోపల రెండింటిలోనూ ఇమిడాక్లోప్రిడ్ 17.8 శాతమే. దాని బదులు థయామెథాక్సామ్ తెచ్చినా పెద్ద తేడా లేదు, రెండూ పురుగు నరాల మీద ఒకే చోట దెబ్బ కొడతాయి. ఐరాక్ అనే అంతర్జాతీయ సంస్థ మందులను పనిచేసే తీరును బట్టి విభజించి అంకెలు ఇచ్చింది: ఈ రెండూ 4వ వర్గం, ఫిప్రోనిల్ 2, స్పైనటోరామ్ 5, సయాంట్రానిలిప్రోల్ 28. మార్చవలసింది ఈ అంకెను.

ఎండ కాలంలో తామర పురుగుకు రెండు మూడు వారాలకో తరం. తల్లి తిన్న వర్గం మందు పిల్లలకు పెట్టకండి. ఏ రోజు ఏ అంకె చల్లారో గోడ క్యాలెండర్ మీదే రాసుకోండి. పుస్తకమైతే ఎక్కడో పోతుంది.

మోతాదు లేబుల్ మీద ఉన్నంతే. మూడు మందులు ఒకే ట్యాంకులో కలిపితే, తర్వాత మార్చుకోవడానికి చేతిలో ఏమీ మిగలదు. నీలి జిగురు అట్టలు, వేపనూనె, గట్ల మీద జొన్న ఉంటే ఒకటి రెండు పిచికారీలు తప్పించవచ్చు.

పిచికారీ చేసిన మూడు రోజుల తర్వాత అవే పది మొక్కల పూత మళ్లీ దులపండి. పురుగు అలాగే ఉంటే మోతాదు పెంచవద్దు. నాజిల్ సరిగా ఉందో లేదో చూసుకుని, పురుగున్న పూలను, మందు డబ్బాను తీసుకుని గుంటూరు దగ్గరి లాం పరిశోధనా స్థానానికి వెళ్లండి.