ప్రభుత్వ జోక్యం ఎక్కడిదాకా? కాగితం మీద తేల్చుకునే పద్ధతి

ధరలు పెరిగాయనో ఉద్యోగాలు పోయాయనో వార్త వచ్చిన ప్రతిసారీ "ప్రభుత్వం ఏదో ఒకటి చేయాలి" అన్న మాట వినిపిస్తుంది. నేను ఇరవై రెండేళ్లు డిగ్రీ విద్యార్థులకు అర్థశాస్త్రం చెప్పాను. ఈ మాట మీద జరిగినంత గొడవ నా క్లాసులో ఇంకే పాఠం మీదా జరగలేదు. సగం మంది అన్నీ ప్రభుత్వమే చూసుకోవాలనేవాళ్లు, మిగతా సగం అసలు వేలు పెట్టకూడదనేవాళ్లు. గంట కొట్టేసరికి ఎవరి మాట మీద వాళ్లే ఉండేవాళ్లు. అందుకని ఒక ఏడాది ఆ వాదన ఆపించి, తలా ఒక తెల్లకాగితం ఇచ్చాను. ఏదైనా ఒక నిర్ణయం తీసుకుని దాన్ని కాగితం మీద పరీక్షించమన్నాను. ఆ పద్ధతి ఇదీ.

ముందు కాగితం పైన జబ్బు ఏమిటో ఒక్క వాక్యంలో రాయండి. మందు పేరు రాయకూడదు. "అద్దెల మీద పరిమితి పెట్టాలి" అన్నది మందు. జబ్బు "ఇళ్లు చాలడం లేదు" కావచ్చు, "ఇళ్లున్నాయి గానీ కొందరి చేతిలో డబ్బు లేదు" కావచ్చు. రెండూ ఒకటి కావు. రెండోదే అయితే వాళ్ల చేతికి నేరుగా డబ్బు అందించవచ్చు, అద్దెల జోలికి పోనక్కర్లేదు. విద్యార్థుల్లో ఎక్కువ మంది తడబడేది ఈ మొదటి వాక్యం దగ్గరే.

తర్వాత, ఆ జబ్బు మార్కెట్ తనంతట తాను నయం చేసుకోలేనిదా అని అడగండి. ఫ్యాక్టరీ పొగ పక్కవాడి ఊపిరితిత్తుల్లోకి పోతుంటే, ఆ నష్టం ఫ్యాక్టరీ లెక్కల పుస్తకంలోకి ఎక్కదు. అమ్మేవాడు ఒక్కడే అయినా, మందు సీసాలో ఏముందో కొనేవాడికి తెలిసే దారి లేకపోయినా అంతే. ఇలాంటి చోట ప్రభుత్వం రాకపోవడమే తప్పు. 1952 డిసెంబరులో లండన్‌ను బొగ్గు పొగ కమ్మేసి వేల మంది చనిపోయారు. 1956లో స్వచ్ఛమైన గాలి కోసం చట్టం వచ్చింది. ఆ పొగను ఏ ఒక్క ఇల్లూ తన పొయ్యి ఆర్పేసి ఆపగలిగేది కాదు. జోక్యానికి హద్దులుండాలని నేను గట్టిగా నమ్ముతాను గానీ, ఆ డిసెంబరును మర్చిపోయి మాట్లాడేవాళ్లతో నాకు పొసగదు.

మూడో పని, ఈ నిర్ణయం ధరను ఏం చేస్తుందో చూడటం. ఇక్కడ కాసేపు ఆగాలి. ధర అంటే కేవలం మనం చెల్లించే డబ్బు కాదు, అదొక కబురు. ఎక్కడో సరుకు తగ్గింది, కొంచెం పొదుపుగా వాడండి, చేయగలిగినవాళ్లు ఇంకొంచెం తయారు చేయండి అని అది లక్షల మందికి ఒకేసారి చెబుతుంది. ఎవరికేం కావాలో, ఎవరు ఏం చేయగలరో అన్న సమాచారం మనుషుల మధ్య చెల్లాచెదురుగా ఉంటుందనీ, దాన్నంతా ఏ కేంద్ర కార్యాలయమూ ఒకచోటికి తేలేదనీ 1945లో అర్థశాస్త్రవేత్త ఫ్రీడ్రిక్ హయెక్ ఒక వ్యాసంలో వివరించారు. నా దృష్టిలో ప్రభుత్వానికి అసలు హద్దు ఇదే. దురుద్దేశం లేకపోయినా, ఎంత తెలివైన అధికారులున్నా ఈ హద్దు చెరగదు.

కాగితం మీద చిన్న లెక్క వేయండి. 100 ఇళ్లున్నాయి, 120 కుటుంబాలకు ఇళ్లు కావాలి. అద్దెకు పరిమితి పెడితే ఎన్ని ఇళ్లు పెరుగుతాయి? ఒక్కటీ పెరగదు. 20 కుటుంబాలు బయటే ఉంటాయి. మారేదల్లా ఎవరు బయట ఉండాలన్నది. అది ఇప్పుడు డబ్బును బట్టి కాక, తెలిసినవాళ్లను బట్టో వరుసలో నిలబడే ఓపికను బట్టో తేలుతుంది. పైగా కొత్త ఇల్లు కట్టాలనుకున్నవాడు వెనక్కి తగ్గుతాడు. పాఠాలు మొదలుపెట్టిన కొత్తలో నేనూ అద్దె పరిమితిని పేదవాళ్లకు మేలు చేసేదిగానే చెప్పాను. ఈ లెక్కను నా చేత్తో బోర్డు మీద వేశాక ఆ పాఠం మార్చుకున్నాను.

ఇక నాలుగోది. నాకు అన్నిటికన్నా ఇష్టమైనదీ ఇదే. నిర్ణయం అమల్లోకి వచ్చిన మర్నాటి ఉదయం ఎవరెవరు ఏం చేస్తారో ఒక్కొక్కరిగా రాయండి. అమ్మేవాడు, కొనేవాడు, దళారి, తనిఖీ అధికారి, ఎవరినీ వదలొద్దు. ఇంగ్లండ్‌లో 1696లో ఇంటికున్న కిటికీలను లెక్కపెట్టి పన్ను వేశారు. జనం కిటికీలను ఇటుకలతో మూసేశారు. 1851లో పన్ను ఎత్తేసేదాకా ఎన్నో ఇళ్లు గాలీ వెలుతురూ లేకుండా ఉండిపోయాయి. 1902లో వియత్నాంలోని హనోయ్‌లో ఫ్రెంచి పాలకులు ఎలుకల్ని చంపించాలని, వాటి తోకలు తెస్తే డబ్బులిస్తామన్నారు. కొన్నాళ్లకు తోకల్లేని ఎలుకలు వీధుల్లో తిరిగాయి. తోక కోసి వదిలేస్తే ఎలుక మళ్లీ పిల్లల్ని పెడుతుంది కదా. కొందరైతే ఎలుకల్ని పెంచడమే మొదలుపెట్టారు. అమెరికాలో 1971 ఆగస్టు 15న అధ్యక్షుడు నిక్సన్ ధరలనూ జీతాలనూ 90 రోజులు కదలకుండా కట్టేశారు. అంతటితో ఆగలేదు, ఏదో ఒక రూపంలో నియంత్రణలు 1974 దాకా సాగాయి. 1973లో మేత ఖర్చు పెరిగినా అమ్మకం ధర పెంచే వీల్లేక, కోళ్ల రైతులు కోడిపిల్లల్ని నీళ్లలో ముంచి చంపేశారు. ఈ మాట చెప్పిన రోజున క్లాసులో చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు.

ఈ మర్నాటి జాబితాను చూశాక చాలాసార్లు మందు పూర్తిగా మానేయనక్కర్లేదు, మార్చుకుంటే చాలు. ఆమ్ల వర్షాలను తగ్గించడానికి అమెరికా 1990లో చట్టం మార్చి, విద్యుత్ కేంద్రాలు వదిలే, ఆ వర్షాలకు కారణమయ్యే సల్ఫర్ డయాక్సైడ్‌కు మొత్తంగా ఒక పరిమితి పెట్టింది. ఎవరెంత తగ్గించాలో మాత్రం కేంద్రాలకే వదిలేసి, ఆ వాయువు వదిలే అనుమతులు తమలో తాము కొనుక్కోవడానికీ అమ్ముకోవడానికీ వీలిచ్చింది. తక్కువ ఖర్చుతో తగ్గించగలిగినవాళ్లు ఎక్కువ తగ్గించారు. ముందు వేసిన అంచనా కన్నా ఖర్చు తక్కువైంది.

ఐదోది, దీన్ని నడిపేది ఎవరు? అమెరికాలో విమాన టికెట్ల ధరలనూ మార్గాలనూ నిర్ణయించడానికి 1938లో ఒక బోర్డు ఏర్పడింది. ఆ తర్వాత 40 ఏళ్లలో ఒక్క కొత్త పెద్ద విమాన సంస్థనూ అది లోపలికి రానివ్వలేదు. ప్రజల మేలు కోసమని పెట్టిన బోర్డు పాత సంస్థలకు కంచెలా మారింది. 1978లో చట్టం మార్చి, 1985లో బోర్డునే రద్దు చేశారు. కాబట్టి ఈ నిర్ణయం వల్ల ఎక్కువ లాభం ఎవరికో, వాళ్లు ఆ అధికారి గది తలుపు ఎన్నిసార్లు తడతారో కూడా రాయండి.

చివరగా, ముగింపు తేదీ. ఆపే తేదీ లేకుండా మొదలైన సబ్సిడీని తీసేయడం చాలా కష్టం, ఎందుకంటే మనుషులు దాన్ని నమ్ముకుని అప్పులు చేస్తారు, భూములు కొంటారు. న్యూజీలాండ్ 1984 నుంచి వ్యవసాయ సబ్సిడీలు దాదాపు అన్నీ ఎత్తేసినప్పుడు రైతులు నిజంగానే నలిగిపోయారు. అయితే భయపడినంత మంది వ్యవసాయం వదల్లేదు. మిగిలినవాళ్లు గొర్రెల్ని తగ్గించుకుని, అమ్ముడయ్యే వాటి వైపు మళ్లారు. ఆ నొప్పిలో కొంతైనా, మొదట్లోనే తేదీ రాసి ఉంటే తప్పేది.

కాగితం వెనక వైపు "ఏమీ చేయకపోతే?" అని రాసి, అవే ప్రశ్నలకు మళ్లీ జవాబులు రాయండి. మర్నాటి జాబితా కూడా రాయాలి. లోపాలున్న మార్కెట్‌ను లోపాల్లేని ప్రభుత్వంతో పోల్చడం ఎంత తప్పో, దీనికి తిరగేసి పోల్చడమూ అంతే తప్పు. రెండు వైపులా నిండాక కింద తేదీ వేసి దాచుకోండి. ఏడాది తర్వాత తీసి, మర్నాటి జాబితాలో మీరు రాయకుండా వదిలేసిన మనిషి ఎవరో చూడండి. తర్వాతి కాగితం ఆ మనిషితో మొదలుపెట్టండి.